మంచి పెట్రోలు

బ్రేకమ్మ కారుకు నాలుక ఎక్కువనీ, మామూలు పెట్రోలు ముట్టదనీ బంకులో అందరికీ తెలుసు. ఆమె కారు లోపలికి తిరగడం చూడగానే పంపు దగ్గరి అమ్మాయి అడక్కుండానే చివరన వేలాడే ఎర్ర పైపు అందుకునేది. "మహారాణిగారు వేంచేశారు" అని పక్క పంపు దగ్గరివాడు గొణిగేవాడు. ఆ మాట కారునో తననో తేల్చుకోలేక బ్రేకమ్మ ఇద్దరి తరఫునా నవ్వేసేది.

ఆడవాళ్ళకు కారు నేర్పడం ఆమె పని. నేర్చుకునే మనిషి పక్క సీట్లో ఆమె కూర్చుంటుంది. ఆ సీటు ముందు కూడా ఒక బ్రేకూ ఒక క్లచ్చూ బిగించి ఉంటాయి. స్టీరింగు పట్టుకున్నావిడ తిన్నగా గోడ మీదికి పోనిస్తున్నా సరే, చెప్తున్న కబురు ఆపకుండా, మొహంలో రంగు మారకుండా, కాలికిందిది మెత్తగా నొక్కేస్తుంది. బండి ఆగుతుంది. "నేనే ఆపాను మేడమ్!" అని ఆవిడ పొంగిపోతే, "నువ్వే తల్లీ, ఇంకెవరు?" అంటుంది. అలా ఎంతమందికి ఆపిందో లెక్క లేదు. పేరు మాత్రం నిలిచిపోయింది.

పాత కారు ఇక కదలనని మొరాయించినప్పుడు ఆమెకు ఈ కారు ఇచ్చినవాడు తమ్ముడు. వాడికి పాత కార్లు కొని అమ్మే కొట్టుంది. ఇది మాత్రం కొట్టులో పెట్టిన సరుకు కాదు, సొంతానికి తిప్పుకున్నది. "ఎవరెవరో అడిగారక్కా. బయటివాళ్ళ చేతికి పోవడం నాకిష్టం లేదు" అన్నాడు. వాడు చెప్పిన ధరకి ఆమె మారుమాట లేకుండా తలూపింది. నాన్న పోయేనాటికి వాడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా రాదు. వాటిని పెట్టింది ఆమే. గుండీలు పెట్టిన చేత్తో బేరమాడటానికి మనసొప్పలేదు.

తాళాలు చేతిలో పెట్టినరోజు వాడు కారు ముందు నిలబడి, బానెట్ మీద చెయ్యి వేసి, ఒక్క మాట చెప్పాడు.

"అక్కా, దీనికి మంచి పెట్రోలు తప్ప పొయ్యకు. ఎంతైనా సరే. మామూలుది పోశావంటే నా మీద ఒట్టే."

వాడి గొంతు కాస్త వణికింది. బ్రేకమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారును వీడు ఎంత అపురూపంగా చూసుకున్నాడో, అంత అపురూపమైనది తనకి ఎలా ఇచ్చేశాడో అనుకుంది. వాకిట్లో నిలబడి చూస్తున్న అమ్మ ఆ మాట వినగానే లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడకూ కళ్ళు చెమర్చి ఉంటాయని బ్రేకమ్మ సరిపెట్టుకుంది.

ఆ రోజు నుంచీ ఎర్ర పైపే. మామూలుదానికీ దీనికీ ఉన్న ధర తేడా పూడ్చడానికి సెలవురోజు పొద్దుట కూడా ఒక జట్టుకు నేర్పడం మొదలుపెట్టింది. ఆమె మొగుడు దర్జీ. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా మాట్లాడగల మనిషి.

"ఏమోయ్, మీ తమ్ముడి కారుకి ఇంకా పథ్యమేనా?"

"పథ్యమేంటండీ? మంచి తిండి."

"ఒంట్లో బాగోలేనివాడికే ప్రత్యేకం వండి పెడతారు. బాగున్నవాడు ఇంట్లో ఏది ఉంటే అది తింటాడు."

"మీకు కత్తెర తెలుసు. ఇంజను తెలీదు."

"నిజమే. నా కత్తెరకి పట్టుగుడ్డా, సంచిగుడ్డా అని లేదు. పదునుంటే రెండూ తెగుతాయి." సూది దారంలోకి ఎక్కదు, దారమే సూదిలోకి ఎక్కాలి అన్నంత నమ్మకంగా అతను మాట్లాడేవాడు. అందుకే బ్రేకమ్మకు ఒళ్ళు మండేది. తమ్ముడి విషయంలో అతను మొదటినుంచీ ఇంతే. పెళ్ళినాడు వాడు కొత్త బావగారి జేబులోంచి పెన్ను తీసుకుని తిరిగివ్వలేదట. ఆ పెన్ను సంగతి ఇప్పటికీ ఎత్తుతూనే ఉంటాడు.

ఒకరోజు బంకులో ఎర్ర పైపుకి అట్టముక్క కట్టి ఉంది.

"మంచిది అయిపోయింది మేడమ్. లారీ ఇంకా రాలేదు. మామూలుది వేసేదా?" అంది పంపమ్మాయి.

ట్యాంకు అడుగంటింది. బ్యాంకులో పనిచేసే ఒకమ్మాయి అవతల వీధి మూలన ఎదురుచూస్తోంది, లైసెన్సు పరీక్ష దగ్గర పడిందని కంగారులో ఉంది. బ్రేకమ్మ చుట్టూ చూసి, దొంగతనం చేస్తున్నదానిలా, "కొంచెం వెయ్యి" అంది.

వంతెన ఎక్కే ఎత్తులో బయటపడింది సంగతి. బ్యాంకమ్మాయి మూడో గేరులోనే ఎక్కించబోయింది. సగం ఎత్తు దాటేసరికి ఇంజనులోంచి చప్పుడు మొదలైంది. రేకు డబ్బాలో గోలీలు పోసి ఎవరో పట్టుదలగా ఊపుతున్నట్టు.

"మేడమ్, నేనేమన్నా విరగ్గొట్టానా?"

"నువ్వేం చెయ్యలేదు. గేరు తగ్గించు."

రెండులోకి దించగానే చప్పుడు పోయింది. వంతెన దిగి, చుట్టూ తిరిగొచ్చి, బ్రేకమ్మ మళ్ళీ మూడులోనే ఎక్కించి చూసింది. మళ్ళీ గోలీలు. ఇంజను మీద బరువు పడేసరికి అది పళ్ళు కొరుకుతోంది. బ్యాంకమ్మాయిని దింపేసి, కారు ఒక పక్కన ఆపి, తమ్ముడికి ఫోను చేసింది.

"మామూలుది పోయించావా?" వాడి గొంతు లేచింది. "చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా? ఒట్టు పెట్టానా లేదా?"

"బంకులో లేదురా..."

"ఈ బంకులో లేకపోతే ఇంకో బంకు లేదా? ఇంజనుకి ఏమన్నా అయితే రేపు నన్ను అనకు!"

"తప్పయిపోయిందిరా. ఇంకెప్పుడూ పొయ్యను. కోప్పడకు."

ఊరవతల బంకుకి వెళ్ళి మంచిది నింపించింది. మూడో గేరులోనే వంతెన ఎక్కింది. చప్పుడు లేదు. పిల్లి నడిచినంత మెత్తగా ఎక్కేసింది. పై ఎత్తున ఒక్క క్షణం ఆగి, స్టీరింగు మీద నుదురానించి, 'వాడు చెప్పింది ఎంత నిజం' అనుకుంది. ఇంటికెళ్ళాక మొగుడి ముందు కూడా అదే మాట అంది. "ఒక్కసారి మామూలుది పోస్తే ఏమైందో చూశారా? వాడికి తెలుసు కాబట్టే చెప్పాడు."

"వాడికి తెలుసు. అందులో అనుమానం లేదు" అన్నాడు దర్జీ, నోట్లోంచి సూది తీసి.

లైసెన్సు పరీక్షలు పెట్టే మైదానంలో ఆమెకు హారన్ మాస్టారు తగులుతుంటాడు. అతనిదీ డ్రైవింగ్ స్కూలే. నోరూ హారనూ రెండూ ఆగవు. ఎవరి శిష్యులు తప్పినా అతనికి పండగే. అతని కారూ బ్రేకమ్మ కారూ ఒకే కంపెనీవి, ఒకే ఏడాదివి. బ్యాంకమ్మాయి వంతు కోసం ఎదురుచూస్తూ ఇద్దరూ నీడలో నిలబడ్డారు. బ్రేకమ్మకు ఆ రోజు లోకం మీద దయ పొంగుకొచ్చింది.

"మాస్టారూ, మీ మంచి కోరి చెప్తున్నా. ఈ కారుకి మంచి పెట్రోలే పోయించండి. మామూలుదానికి ఇంజను పాడైపోతుంది."

అతను మైదానమంతా తిరిగి చూసేట్టు నవ్వాడు. "ఎవరు చెప్పారమ్మా? కొన్ననాటినుంచీ దీనికి మామూలుదే. ఓసారి బంకువాడు పరధ్యానంలో ఖరీదుది పోసేశాడు. డబ్బెట్టాం కదా, పరిగెడుతుందేమోనని ట్యాంకు అయ్యేదాకా కాచుకుని చూశా. ఎప్పుడూ పోయినట్టే పోయింది. వీసమెత్తు తేడా లేదు."

"నా బండికి తెలిసింది తేడా."

"ఏం తేడా?"

చెప్పింది. ఎత్తూ, మూడో గేరూ, గోలీలూ, మంచిది పోయగానే అన్నీ సర్దుకోవడం. చెప్తుంటే అతని నవ్వు ఒక్కొక్క పన్నే మూసుకుంటూ వచ్చింది.

"అమ్మా, పెట్రోలు మారిస్తే బండికి తేడా తెలిసిందంటే, ఆ బండిలోనే తేడా ఉంది."

"అదేంటి మాస్టారూ?"

"ఖరీదు పెట్రోలంటే అందరూ బలం అనుకుంటారు. బలం కాదు, ఓపిక. పెట్రోలు లోపల దాని వేళకి అంటుకోవాలి. లోపల ఒత్తిడో వేడో ఎక్కువైతే వేళ కాకుండానే భగ్గుమంటుంది. మీరు విన్న గోలీలు అవే. ఖరీదుదానికి ఓపిక ఎక్కువ, ఎంత నొక్కినా తొందరపడి అంటుకోదు. ఒత్తిడెక్కువ పెట్టి తయారుచేసిన ఇంజన్లు వేరే ఉన్నాయి, వాటికి ఆ ఓపిక కావాలి. మన కార్లు మామూలుదానికే చేసినవి. వాటికి అది పోసినా ఒకటే, మానినా ఒకటే. మీ బండి మామూలుదానికి అరుస్తోందంటే లోపల ఏదో జరిగింది. మీరు పోస్తున్నది పెట్రోలు కాదు, దాని నోట్లో గుడ్డ కుక్కుతున్నారు."

ఆమె నమ్మలేదని మొహంలో కనబడినట్టుంది. బ్యాంకమ్మాయి పరీక్ష అయ్యాక తన కారెక్కమన్నాడు. వంతెన దాకా తీసుకెళ్ళి, మూడో గేరులోనే, కావాలని మెల్లగా, కాలితో నొక్కి పెట్టి ఎక్కించాడు. ట్యాంకులో మామూలు పెట్రోలే. ఇంజను బరువుగా మూలిగింది తప్ప గోలీల చప్పుడు రాలేదు. బ్రేకమ్మ పాదం అలవాటుగా తన ముందున్న బ్రేకు మీదికి పోయింది.

"ఎవరమ్మా మీకు దీన్ని అంటగట్టింది?" అతని గొంతులో జాలికన్నా సరదా ఎక్కువ.

"ఎవరో బయటివాళ్ళు లెండి" అంది.

మెకానిక్ దగ్గర ఎంతోసేపు పట్టలేదు. ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో ఒత్తిడి కొలిచే గేజీ బిగించి, ఆమెను స్టార్టు చేయమన్నాడు. ముల్లు ఉండాల్సిన చోటు దాటి పోయింది. తర్వాత దీపం పట్టుకుని ఇంజను పక్కగా వంగి చూశాడు.

"దీని హెడ్డు, అదే ఇంజను మీది మూత, ఒకసారి విప్పారు. దాని కింద ఈ ప్యాకింగు కంపెనీది కాదు, ఈమధ్య వేసింది. నీళ్ళు చూసుకోకుండా నడిపి ఇంజను కాల్చేసి ఉంటారు. వేడికి హెడ్డు వంగితే కొత్తది వెయ్యాలి. వెయ్యలేదు, దాని అడుగు గీయించి సాపు చేయించారు. కాస్త ఎక్కువే గీశారు. లోపల చోటు తగ్గి ఒత్తిడి పెరిగింది. మీరు కొనేముందు ఎవరికన్నా చూపించలేదా?"

"లేదు."

"మీరే నేర్పుతారు కదండీ కార్లు!"

బ్రేకమ్మకు జ్ఞాపకం వచ్చింది. తనకి ఇచ్చే ముందు కారు కొన్నాళ్ళు కంటికి కనపడలేదు. ఎక్కడరా అంటే, "నీకోసం రంగు వేయిస్తున్నా అక్కా" అన్నాడు. ఎంత మంచి రంగు వేయించాడని ఊరందరికీ చెప్పుకుంది.

ఇంటికెళ్ళి మొగుడికి చెప్పలేదు. అతను ఎగతాళి చేస్తాడని కాదు. ఇది వింటే ఎగతాళి చెయ్యడు. కత్తెర పక్కన పెట్టి, దగ్గరికొచ్చి, తల మీద చెయ్యి వేస్తాడు. ఆ చెయ్యి పడితే వాడు ఇక తమ్ముడు కాడని తేలిపోతుంది. వాడి నోట వినేదాకా తేలకూడదని ఆమె ఆశ. రంగు వేసేవాడే మోసం చేసుంటాడు. అప్పటి మెకానిక్కే వాడికి తెలియకుండా గీసుంటాడు. ఎన్నో దారులున్నాయి. వాటిలో ఏదో ఒకటి నిజం కావాలని బండిలో కూర్చుని ఒక్కొక్కటే తిప్పి చూసుకుంది.

అమ్మను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే రోజు వచ్చింది. అది ఎప్పుడూ కూతురి పనే. కొడుక్కి కొట్టు వదిలి రావడం కుదరదు. పోతూ పోతూ బంకులోకి తిరిగింది. పంపమ్మాయి ఎర్ర పైపు అందుకుంది.

"అది కాదు. మామూలుది."

"మేడమ్?"

"మామూలుదే. నింపెయ్."

తమ్ముడి కొట్టు వెనకే ఇల్లు. వాడు ఒక తెల్లకారు అద్దం తుడుస్తున్నాడు. అమ్మ తయారై, నల్లకళ్ళద్దాలు చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది.

"ఒరేయ్, నా కారు హెడ్డు గీయించావా?"

గుడ్డ ఆగింది. ఒక్క రెప్పపాటు. మళ్ళీ కదిలింది.

"ఎవడన్నాడు?"

"ఎవడన్నా అననీ. నీకు తెలుసా, తెలీదా? అంతే చెప్పు."

"తెలీకపోవడమేంటక్కా? తెలిసే కదా మొదటిరోజే చెప్పాను, మంచి పెట్రోలు తప్ప పొయ్యొద్దని! నేను దాచిపెట్టానా? ఒట్టు పెట్టి మరీ చెప్పానే! నువ్వు మాట తప్పి మామూలుది పోస్తే అది నా తప్పా?"

వాడి మొహంలో సిగ్గు కోసం వెతికింది. కనబడలేదు. నిజంగానే తను చెప్పేశానని నమ్ముతున్నాడు. ఆమె ఇన్నాళ్ళూ ప్రేమ అని దాచుకున్న మాట వాడి దృష్టిలో అప్పజెప్పేసిన బాధ్యత. ఆ వణికిన గొంతు దేనికి వణికిందో ఇప్పుడు అర్థమైంది.

"ఇదే కారు బయటివాడు కొనడానికొస్తే ఏం చెప్పేవాడివి?"

"హెడ్డు గీయించానని చెప్పేవాణ్ణి. చెప్పక చస్తానా? వాళ్ళు ఊరుకుంటారా, మెకానిక్కుని వెంటబెట్టుకొచ్చి అంతా విప్పి చూసుకుంటారు."

"మరి నాకు?"

"నువ్వు చూడవు కదక్కా" అన్నాడు. అది తప్పు ఒప్పుకుంటున్నట్టు లేదు, ఆమెను మెచ్చుకుంటున్నట్టుంది.

అమ్మ కుర్చీలోంచి అందుకుంది. "వాణ్ణెందుకే పీక్కు తింటావు? నేనే అన్నాను, అక్కకి ఇవ్వరా అని. బయటివాడైతే తిరిగొచ్చి కొట్టు ముందు గోల పెడతాడు. నలుగురూ వింటే వాడి వ్యాపారం ఏమైపోను? నువ్వైతే ఖరీదు పెట్రోలు పోసుకుని నెట్టుకొస్తావు. ఎప్పుడు సర్దుకోలేదు గనక?"

బ్రేకమ్మ తల్లివైపు చూసింది. తాళాలిచ్చిననాడు ఈవిడ లోపలికి ఎందుకు వెళ్ళిపోయిందో అడగాల్సిన అవసరం లేకపోయింది.

"డబ్బు కావాలంటే ఇస్తాలే, కొత్త హెడ్డు వేయించుకో" అన్నాడు తమ్ముడు, గుడ్డ పిండుతూ. "అంత గొడవెందుకు? అక్కాతమ్ముళ్ళం."

"నాకు కారు అమ్మినవాడివి నువ్వు" అంది ఆమె. "అంతవరకే ఉంచు. పద అమ్మా, డాక్టరుకి వేళవుతోంది."

వాడేదో అనబోయాడు. ఇంతలో తెల్లకారు చూడటానికి ఎవరో మొగుడూ పెళ్ళాం వచ్చారు. వాడి మొహం చిటికెలో మారి నవ్వులోకి దిగింది. "రండి సార్, రండమ్మా, ఇది మా ఇంట్లో మనిషిలాంటి బండి" అంటూ ఎదురెళ్ళాడు.

అమ్మ వెనకసీట్లో కూర్చుంది. కారు వీధులు దాటింది. వంతెన దగ్గర పడుతుండగా అమ్మ గొంతు సవరించుకుంది.

"మనసులో పెట్టుకోకే. నీకున్నది వాడొక్కడే. రేపు నాకేదన్నా అయితే ఇద్దరూ ఒకచోట ఉండాలా వద్దా?"

ఎత్తు మొదలైంది. మూడో గేరులో ఉంది బండి. ఎందరికో ఇదే ఎత్తు మీద బ్రేకమ్మ చెప్పిన పాఠం ఒకటే, బరువు పడిందంటే గేరు తగ్గించండి, ఇంజనును ఏడిపించకండి అని. ఆమె చెయ్యి గేరు కడ్డీ మీదే ఉంది. ఒక్క తోపు తోసి రెండులో పడేస్తే బండి నోరు మూసుకుంటుంది.

తొయ్యలేదు. కాలు ఇంకాస్త నొక్కింది.

గోలీలు మొదలయ్యాయి. మెల్లగా ఒకటీ రెండూ, తర్వాత డబ్బా అంతా. పక్కనుంచి పోతున్న బండ్లలోవాళ్ళు తలలు తిప్పి చూశారు. వెనకవాడు హారను కొట్టాడు. బండి ఊపిరాడనట్టు పాకుతోంది. లోపల ఏది ఎంత అరుగుతోందో ఆమెకు తెలుసు. అది ఆమె బండి, ఆమె బతుకుతెరువు, రేపు పొద్దుట ఈ సీట్లో ఇంకో ఆడపిల్ల కూర్చుని క్లచ్చు నేర్చుకోవాలి. అయినా కడ్డీ కదల్చలేదు. అద్దంలో తల్లి మొహమే చూస్తోంది. ఆవిడ వినాలి. ఒక్కసారి, మొదటినుంచి చివరిదాకా, సర్దుకోవడం అంటే ఎలా వినిపిస్తుందో ఆవిడ వినాలి.

అమ్మ నల్లకళ్ళద్దాలు పెట్టుకుంది. సీటులో కాస్త అటూ ఇటూ కదిలింది. చప్పుడు బాగా పెరిగాక ముందుకు వంగి, కూతురి భుజం మీద చెయ్యి వేసింది.

"ఆ కిటికీ అద్దం ఎత్తేసుకోవే అమ్మాయ్, చప్పుడు వినపడదు."